మిడ్‌వైఫ్ చేతి కాన్పు: సర్కారు దవాఖాన మీద ఒక అమ్మమ్మ మాట

నేను మంత్రసాని చేతిలో పుట్టినదాన్ని. మా తమ్ముడి కాన్పప్పుడు అమ్మకు నెత్తురు ఆగక ఎడ్లబండి మీద టౌనుకు తీసుకుపోయారు. అదృష్టం బాగుండి బతికింది. అందుకే "ఇంట్లోనే సహజంగా కనండి" అని ఫోన్లో వీడియోలు పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లుమంట. మా అమ్మాయి కాన్పు అలాంటిది కాదు. ప్రభుత్వ మాతా శిశు ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లు చూసే లేబర్ రూములో అయింది. నాలుగడుగులు వేస్తే ఆపరేషన్ థియేటర్.

ఈ మిడ్‌వైఫ్‌లు నర్సింగ్ చదివి, ఆపైన ఏడాదిన్నర పాటు కాన్పుల మీదే శిక్షణ తీసుకున్నవాళ్లు. తెలంగాణలో 2017లో మొదలైందీ చదువు. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. అవసరం ఎందుకొచ్చిందంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 60 కాన్పులు పెద్దాపరేషన్లే. ప్రైవేటులో అయితే 81. దేశం మొత్తం మీద చూస్తే 21. అందరం డాక్టర్లనే తిడతాం గానీ, పంచాంగం పట్టుకుపోయి ఫలానా గడియకే తీయమనేది ఎవరు? మా వియ్యపురాలు కూడా పంతులు రాసిచ్చిన కాగితం పర్సులో పెట్టుకునే వచ్చింది. నేను బయటికి తీయనిస్తేగా!

నొప్పులతో పోయిన పిల్లను మంచానికి అతికించలేదు. నడిపించారు, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెట్టి నడుము తిప్పించారు. నీళ్లు తాగొచ్చు, ఇడ్లీ తినొచ్చు అన్నారు. సిస్టర్ అరగంటకోసారి చిన్న మిషను పొట్టకు ఆనించి బిడ్డ గుండె చప్పుడు వినేది, చార్టులో రాసుకునేది. అర్ధరాత్రి దాటాక మా అమ్మాయి "నా వల్ల కాదు, కోసెయ్యండి" అని ఏడుపు లంకించుకుంది. సిస్టర్ విసుక్కోలేదు. "డాక్టరమ్మ పక్కనే ఉంది బిడ్డా, కావాలంటే పిలుస్త. ముందు ఇది విను" అని మిషను సౌండు పెంచింది. టకటకటకా గదంతా వినపడింది. పిల్ల ఏడుపు ఆపి వింది. అప్పుడు నన్ను పిలిచి, నొప్పి వచ్చినప్పుడల్లా నడుము కింద అరచేత్తో ఎక్కడ నొక్కాలో చూపించింది. తెల్లారేసరికి నా మణికట్లు పనికిరాకుండా పోయాయనుకోండి.

పక్కకు తిరిగి పడుకునే కన్నది. పొట్ట మీద ఎవరూ ఒత్తలేదు, కోత పెట్టలేదు. కొంచెం చీలితే రెండు కుట్లు వేశారు. బొడ్డుతాడు కొట్టుకోవడం ఆగాకే కత్తిరించారు, పిల్లను తుడిచి తల్లి రొమ్ము మీద వేశారు. మాయ పడకముందే తొడకు ఇంజెక్షన్ ఇచ్చారు, నెత్తురు ఎక్కువ పోకుండానట. మా అమ్మకు ఆ రోజు దొరకనిది అదే.

ఇక లోపాలు. లేబర్ రూములో పొందిన మర్యాద వార్డులోకి రాగానే హుష్‌కాకి. బాత్రూములు చూస్తే బాలింతను పంపబుద్ధి కాలేదు. మనవరాలిని బయటికి తెచ్చిన ఆయా, డబ్బులకు చెయ్యి చాపాకే పిల్లను అందించింది. డ్యూటీ మారితే మిడ్‌వైఫ్ కూడా మారుతుంది. మాకు పొద్దున వచ్చినామె కూడా మంచిదే గానీ, రాత్రంతా కూర్చున్నామె చేతుల మీదుగా అయితే బాగుండేదనిపించింది. అల్లుణ్ణి లోపలికి రానివ్వలేదు, పాపం మెట్ల మీదే జాగారం. నొప్పి తెలియకుండా ఇచ్చే ఇంజెక్షన్ ఇక్కడ లేదు, అది కావాలనుకునేవాళ్లు వేరే చోటు చూసుకోవాలి. ఐదుకు నాలుగు చుక్కలిస్తాను. ఒకటి బాత్రూములకు పోయింది.

అందరినీ మిడ్‌వైఫ్‌లే చూస్తారనుకోకండి. బీపీ ఎక్కువున్నా, కవలలున్నా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా డాక్టర్లకే అప్పగిస్తారు. మా పక్కింటి పిల్లకు బీపీ చూసిన రోజే పంపేశారు. అది వాళ్ల చేతగానితనం కాదు, నా లెక్కలో మార్కులు వేయాల్సిన సంగతి.

వెళ్లేవాళ్లు నొప్పులొచ్చేదాకా ఆగకండి, ఏడో నెల నుంచే చూపించుకోండి. వ్యాయామం నేర్పే రోజున వెంట ఉండబోయే ఆడమనిషిని కూడా తీసుకుపోండి, నడుము నొక్కాల్సింది ఆమే. దుప్పటి, ఫ్లాస్కు, చిల్లర మీవే. తిరిగి వచ్చేటప్పుడు 102 బండి వాకిట్లో దింపి పోతుంది, డ్రైవరు మాత్రం మమ్మల్ని పైసా అడగలేదు.