పచ్చివి పడని నోటికి ఎలక్ట్రిక్ స్టీమర్: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు

రెండు బుట్టల ఎలక్ట్రిక్ స్టీమర్ల గురించి ఏ సమీక్ష చదివినా మెచ్చుకోలు ఒకటే. కూరగాయ రంగు చెడకుండా, కరకరలాడుతూ వస్తుందంటారు. పచ్చి పళ్ళూ కూరగాయలూ పడనివాళ్ళకి సరిగ్గా అక్కడే ప్రమాదం. కరకరలాడుతోందంటే నడుమ ఇంకా పచ్చిగా ఉన్నట్టే. క్యారెట్ ముక్క పైన మెత్తబడి లోపల పలుకుగా మిగిలితే, నాలుక చురచురలాడటానికీ గొంతు దురద పెట్టడానికీ ఆ పలుకు చాలు. కాబట్టి ఇక్కడ స్టీమర్‌కి పెట్టిన పరీక్ష రుచిది కాదు. వేడి ప్రతి ముక్క నడిమి దాకా చేరుతోందా, అన్ని ముక్కలకీ ఒకేలా చేరుతోందా అన్నదే పరీక్ష.

వేడి మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ రకం అలర్జీకి మూలం చాలావరకు పుప్పొడిలో ఉంది. బర్చ్ చెట్టు పుప్పొడిలో బెట్ వి 1 అనే ప్రొటీన్ ఉంటుంది. దాని పోలికలున్న ప్రొటీన్లు ఆపిల్, పియర్, పీచ్, చెర్రీ, క్యారెట్, సెలరీ, హేజెల్‌నట్‌లలో ఉన్నాయి. పుప్పొడిని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకున్న ఐజీఈ యాంటీబాడీలు వీటిని చూసి కూడా అదేననుకుని పట్టుకుంటాయి. రాగ్‌వీడ్ అనే కలుపు మొక్క పుప్పొడి పడనివాళ్ళకి పుచ్చకాయ, కర్బూజా, అరటి, కీర దోసతోనూ, గడ్డి పుప్పొడి పడనివాళ్ళకి టమాటా, కర్బూజాలతోనూ ఇలాంటి ఇబ్బందే రావచ్చు. బెట్ వి 1 కుటుంబపు ప్రొటీన్లు చాలావరకు వేడికి ఓర్చుకోలేవు. మడతలు విడిపోయి ఆకారం పోగానే యాంటీబాడీ వాటిని ఆనవాలు పట్టలేదు. పచ్చి ఆపిల్ కొరికితే పెదవులు దురద పెట్టేవాళ్ళు బాగా ఉడికిన ఆపిల్‌ని హాయిగా తినగలిగేది అందుకే.

అయితే కొనే ముందే తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. ఎల్‌.టి.పి. అనే మరో రకం ప్రొటీన్లు పీచ్ తొక్కలోనూ ఇంకా చాలా పళ్ళూ గింజల్లోనూ ఉంటాయి. ఇవి వేడికీ లొంగవు, కడుపులోని ఆమ్లానికీ లొంగవు. వీటివల్ల వచ్చే అలర్జీ నోటితో ఆగకుండా ఒళ్ళంతా దద్దుర్లు, వాంతులు, రక్తపోటు పడిపోవడం దాకా వెళ్ళవచ్చు. వాళ్ళకి స్టీమర్ ఏ రక్షణా ఇవ్వదు. పైగా ఉడికింది కదా అన్న తప్పుడు ధైర్యాన్నిస్తుంది. మీది ఏ రకమో అలర్జీ వైద్యుల దగ్గర పరీక్షతో తెలుసుకోకుండా, పడని పండుని ఉడికించి తిని చూద్దామని దిగకండి. గొంతు వాచినట్టు అనిపించినా, ఊపిరి అందకపోయినా, కళ్ళు తిరిగినా అది నోటి దురద కాదు. డాక్టర్ అడ్రినలిన్ ఇంజెక్షన్ రాసిచ్చి ఉంటే వెంటనే వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తవలసిన స్థితి.

ఇక యంత్రం సంగతి. అడుగున నీటి తొట్టె, అందులో వేడి చేసే పళ్ళెం, దాని మీద చుక్కలు పట్టే పళ్ళెం, ఆ పైన ఒకదాని మీద ఒకటి బుట్టలు, మూత. అమ్మేటప్పుడు బుట్టలెన్ని అని చెబుతారు గానీ మన పనికి ముందు చూడవలసింది వాట్లు. 800 వాట్ల స్టీమర్ నిమిషానికి 20 మి.లీ. పైచిలుకు నీటిని ఆవిరి చేయగలదు, అంతకు మించి కాదు. కిలో క్యారెట్ ముక్కల్ని 20 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకి తేవడానికే, రవ్వంత వేడి కూడా వృథా కాకపోయినా, అంత శక్తితో ఆరు నిమిషాల పైన పడుతుంది. ఉడకడం మొదలయ్యేది ఆ తరవాతే. బుట్ట నిండా కుక్కితే పెట్టెమీద రాసిన టైము ఎందుకూ కొరగాకుండా పోయేది ఇందువల్లే. ఒక బుట్టలో 400 గ్రాములకి మించకుండా, ముక్కల్ని రెండు వరసలకి మించి పేర్చకుండా, ఆవిరి పైకి రావడానికి నడుమ సందు వదిలితే అన్నీ ఒకేలా ఉడుకుతాయి.

టైమర్ ఇంకో చోట మోసం చేస్తుంది. చాలా మోడళ్ళలో మీట తిప్పిన క్షణం నుంచే లెక్క మొదలవుతుంది, నీళ్ళు చల్లగా ఉన్నా సరే. లెక్క పెట్టవలసింది మూత అంచు నుంచి ఆవిరి ధారగా రావడం మొదలైనప్పటి నుంచి. అలా చూసుకుంటే సెంటీమీటరు మందం క్యారెట్ చక్రాలకి 12 నుంచి 15 నిమిషాలు, ఎనిమిది ముక్కలుగా కోసిన ఆపిల్‌కి 10 నుంచి 12, రెండుగా చీల్చిన పీచ్‌కి 10, చిన్న పువ్వులుగా విడదీసిన బ్రోకలీకి 8, రెండు సెంటీమీటర్ల బంగాళాదుంప ముక్కలకి 15 నుంచి 18 నిమిషాలు పెట్టుకోవచ్చు. మామూలు వంట పుస్తకాల లెక్కకి ఇవి ఎక్కువే, కావాలనే ఎక్కువ. మధ్యలో మూత తీస్తే పోగైన ఆవిరంతా పోతుంది, తీసిన ప్రతిసారీ ఇంకో రెండు నిమిషాలు కలుపుకోండి.

ఉడికిందో లేదో ఫోర్కు దిగడాన్ని బట్టి చెప్పలేం. బుట్టలో అన్నిటికన్నా మందంగా ఉన్న ముక్కని తీసి అడ్డంగా రెండుగా కోసి చూడాలి. ఆపిల్ అయితే ఉడికిన మేర గుజ్జు కాస్త పారదర్శకంగా, తడిసిన కాగితంలా మారుతుంది. పచ్చిగా మిగిలిన నడుమ తెల్లగా, సుద్దలా కనిపిస్తుంది. ఆ తెల్ల మచ్చ గోరంత ఉన్నా బుట్ట మళ్ళీ పొయ్యెక్కాల్సిందే. క్యారెట్‌లో తేడా ఇంత తేటగా తెలియదు. నడిమి దూటని వేళ్ళ మధ్య నలిపితే చిదిమిపోవాలి, జారి పక్కకి తప్పుకుంటే ఇంకా ఉడకాలన్నట్టు. సూదిలాంటి వంట థర్మామీటర్ కొనగలిగితే ఈ అంచనాల బెడద తప్పుతుంది. ముక్క నడుమ 90 డిగ్రీలు చూపించాక మరో ఐదు నిమిషాలు ఉంచడం మంచి గుర్తు. అది నడుమ దాకా ఉడికిందని చెప్పే గుర్తే గానీ, ప్రతి ఒక్కరి ఒంటికీ పడుతుందన్న హామీ కాదు. సముద్ర మట్టానికి 1,500 మీటర్ల ఎత్తున నీళ్ళు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. అలాంటి చోట్ల టైము ఇంకా పెంచుకోవాలి.

రెండో బుట్టతో వచ్చే చిక్కు గురించి ఎవరూ రాయరు. పై బుట్టలోంచి రసం చుక్కలుగా కింది బుట్టలోకి దిగుతుంది. రెండూ ఒకేసారి పెట్టి ఒకేసారి దించితే పరవాలేదు. కానీ సగంలో పై బుట్టలో పచ్చి ముక్కలు పెట్టి, కింద ఉడికినవాటిని కాసేపట్లోనే తీసేస్తే, వాటి మీద పచ్చి రసం పడి ఉంటుంది. కాబట్టి ఎక్కువసేపు పట్టేవి, పడనివి కిందే పెట్టాలి. త్వరగా ఉడికే పాలకూర, బఠాణీలాంటివి, అదీ పచ్చిగా తిన్నా మీకు ఏమీ కానివైతేనే, చివర్లో పైన పెట్టాలి. పై బుట్టకి ఆవిరి ఆలస్యంగా, పలచగా అందుతుంది. ఒకే కూరగాయ రెండింటిలోనూ పెట్టారంటే సగం వండాక బుట్టల్ని తారుమారు చేయండి. మూడు బుట్టల మోడల్ ఈ పనికి దండగ. 800 వాట్లతో మూడో అంతస్తు దాకా నికరంగా ఉడకాలంటే కింది బుట్టలోది గుజ్జయిపోతుంది.

ఇక ఆరోగ్యం మాట. పచ్చివి మానేస్తే ముందు లోటు పడేది విటమిన్ సి. అది వేడికి కొంత, నీళ్ళలోకి కారిపోవడం వల్ల మరికొంత పోతుంది. నీళ్ళలో ఉడికించి వార్చేయడంతో పోలిస్తే ఆవిరిలో నష్టం తక్కువ, ఎందుకంటే ముక్క నీళ్ళలో మునగదు. మనం టైము పొడిగిస్తున్నాం కాబట్టి కొంత వదులుకోక తప్పదు. ఆ నష్టం భరించదగ్గదే. పెద్దవాళ్ళకి రోజుకి 75 నుంచి 90 మిల్లీగ్రాములు కావాలనుకుంటే, ఉడికిన బ్రోకలీ అరకప్పులో 50 దాకా, ఉడికిన క్యాబేజీ అరకప్పులో 28 దాకా ఉంటాయి. ముప్పావు కప్పు టమాటా రసంలో 33 దాకా ఉంటాయి. చుక్కలు పట్టే పళ్ళెంలో మిగిలిన రంగు నీళ్ళని పారబోయకండి, ముక్కలోంచి జారిన విటమిన్లు అందులోనే ఉన్నాయి. వాటిని బాగా మరగనిచ్చి సూపులో కలిపేయవచ్చు. లాభం కూడా ఉంది. క్యారెట్‌లోని బీటా కెరోటిన్, టమాటాలోని లైకోపీన్ పచ్చిదానిలో కన్నా ఉడికినదానిలో ఒంటికి బాగా పడతాయి, చెంచాడు నూనె తోడైతే ఇంకా మేలు. పీచు పదార్థం ఎక్కడికీ పోదు.

దుకాణంలో దొరికే రసాల్లో వేడితో పాశ్చరైజ్ చేసినవి చాలామందికి పడతాయి. కోల్డ్ ప్రెస్ అని రాసినవి వేడి తగలనివి, వాటిని పచ్చి పండు కిందే లెక్కగట్టాలి. గడ్డకట్టించడం వల్ల ప్రొటీన్ చెడదు, కనుక ఫ్రీజర్‌లోని పళ్ళూ పచ్చివే. స్మూతీ మరీ ప్రమాదం. నాలుగు పళ్ళ పచ్చి రసం దురద మొదలయ్యేలోపే గొంతు దిగిపోతుంది. పరగడుపున తాగినా, వెంటనే వ్యాయామానికి దిగినా తీవ్రత పెరగవచ్చు.

స్టీమర్ చేతులెత్తేసే పదార్థాలు కొన్ని ఉన్నాయి. సెలరీ ఉడికించినా కొందరికి పడదు. హేజెల్‌నట్, వేరుశనగలాంటి గింజలు వేయించినంత మాత్రాన నమ్మదగ్గవి కావు. బర్చ్ పుప్పొడి పడనివాళ్ళలో కొందరికి సోయా పాలు తీవ్రంగా తిరగబడతాయి, కాబట్టి పాలకి బదులుగా వాటిని ఆలోచించకుండా మొదలుపెట్టకూడదు. అనాస, కివీలు తింటే చాలామందికి కొద్దో గొప్పో నాలుక మండుతుంది, అది వాటిలోని ఎంజైముల పని కూడా కావచ్చు.

పచ్చిది చేతికి తగలడం వేరే బాధ. క్యారెట్, బంగాళాదుంప చెక్కు తీస్తుంటే వేళ్ళు దురద పెట్టి కళ్ళు నీళ్ళు కారేవాళ్ళు తక్కువేం కాదు. అలాంటివాళ్ళు శుభ్రంగా కడిగి తొక్కతోనే ఉడికించి, చల్లారాక చెక్కు తీస్తే హాయి. ముక్క లావుగా ఉంటుంది కాబట్టి టైము రెట్టింపు దాకా పెరుగుతుంది. గ్లవ్స్ వేసుకుంటే నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి వేసుకోండి. అరటి, అవకాడో, కివీ పడనివాళ్ళలో కొందరికి రబ్బరు పాలతో చేసిన లేటెక్స్ కూడా పడదు. పచ్చివి కోసిన బోర్డునీ చాకునీ సబ్బుతో కడగకుండా ఉడికినవాటి మీద వాడటం, వడ్డించే ముందు పైన పచ్చి ఆకు తరిగి చల్లడం, ఈ రెండూ పడిన శ్రమనంతా క్షణంలో బూడిదలో పోస్తాయి.

ఒక్కరి కోసం ఒక్క ఆపిల్ కావాలంటే స్టీమర్ కన్నా మైక్రోవేవ్ నయం. తొక్క తీసి, సన్నగా తరిగి, రెండు చెంచాల నీళ్ళు చల్లి, మూత పెట్టి రెండున్నర నుంచి మూడు నిమిషాలు, నడుమ ఒకసారి కలిపి, దించాక రెండు నిమిషాలు మూతలోనే ఉంచాలి. కలపకపోతే మైక్రోవేవ్‌లో ఒక మూల ఉడికి మరో మూల పచ్చిగా మిగలడం మామూలే. బీట్‌రూట్‌లాంటి గట్టి దుంపలకి ప్రెషర్ కుక్కర్‌ని మించింది లేదు. అందులో ఆవిరి 115 నుంచి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి నడుమ పలుకు మిగలదు, కాకపోతే మెత్తటి పళ్ళు గుజ్జయిపోతాయి. రోజూ ఇద్దరు ముగ్గురికి రెండు మూడు రకాలు ఒకేలా ఉడకాలంటే మాత్రం స్టీమరే.

కొనేటప్పుడు 800 వాట్లకి తగ్గకుండా, రెండు బుట్టలతో, పైనుంచి లోపల కనిపించే మూతతో, వండుతుండగానే పక్కనుంచి నీళ్ళు పోసే ముక్కు ఉన్నది చూడండి. లీటరు తొట్టె ముప్పావు గంటలో ఆవిరైపోతుంది. నీళ్ళు అయిపోతే యంత్రం దానంతటదే ఆగిపోతుంది, ఆగిన సంగతి తెలియకపోతే సగం ఉడికినదే పళ్ళెంలోకి వస్తుంది. గంట కొట్టే మోడల్ కాకపోతే ఎప్పుడూ గరిష్ఠ గీత దాకా నింపే మొదలుపెట్టాలి. ఉప్పు నీళ్ళ ప్రాంతాల్లో వేడి పళ్ళెం మీద తెల్లటి పెచ్చు కట్టి ఆవిరి నెమ్మదిస్తుంది, నిన్నటి 12 నిమిషాలు ఇవాళ చాలవు. నెలకోసారి కప్పు వెనిగర్, రెండు కప్పుల నీళ్ళు పోసి అరగంట నాననిచ్చి కడిగితే పెచ్చు ఊడిపోతుంది. పళ్ళు ఉడికించిన రోజు బుట్ట రంధ్రాల్లో తియ్యటి జిగురు గట్టిపడకముందే వేడి నీళ్ళలో వేయండి. పూడిన రంధ్రం మీద కూర్చున్న ముక్క పచ్చిగానే మిగిలిపోతుంది.