సఫారీ లాడ్జ్, బొటిక్ హోటల్ బుక్ చేసే ముందు

ఖరీదైన సఫారీ లాడ్జ్‌ల వెబ్‌సైట్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. వరండాలో స్నానాల తొట్టి, తెల్లటి దోమతెర, ఎదురుగా నీళ్ళ దగ్గర ఏనుగు. అక్కడ గడిపే రోజులు ఎలా ఉంటాయన్నది మాత్రం ఆ ఫొటోల్లో లేని విషయాల మీద ఆధారపడి ఉంటుంది. లాడ్జ్ ఎవరి నేల మీద ఉంది, ఆ నేల మీద జీపుకు ఏ అనుమతులున్నాయి, జీపులో ఎంతమందిని ఎక్కిస్తారు, గైడ్ ఎవరు. ఇవి తేలాకే గది సంగతి చూడాలి.

దక్షిణాఫ్రికాలో క్రూగర్ నేషనల్ పార్కు, దాని పడమటి అంచున సాబీ సాండ్ ప్రైవేటు రిజర్వు ఆనుకుని ఉంటాయి. మధ్యలో ఉన్న కంచెను 1993లో తీసేశారు. జంతువులు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాయి, నియమాలు మాత్రం పూర్తిగా వేరు. క్రూగర్‌లో బండి రోడ్డు దిగకూడదు, సొంతంగా నడుపుకునేవాళ్ళు గేటు మూసే వేళకు క్యాంపు చేరాలి. పార్కు వాళ్ళే నడిపే రాత్రి డ్రైవులున్నా (డ్రైవు అంటే జంతువులను చూడటానికి బండిలో తిరగడం) అవీ రోడ్డు మీదే. చిరుతపులి రోడ్డుకు కాస్త దూరంలో పొద వెనక పడుకుందంటే ఇక అంతే. సాబీ సాండ్‌లో గైడ్ అదే పొదల్లోకి బండి పోనిస్తాడు. బానెట్ ముందున్న సీటులో కూర్చునే ట్రాకర్ జాడలు చూసి దారి చెబుతాడు. చీకటి పడ్డాక స్పాట్‌లైటుతో తిప్పుతారు. ఒక జంతువు దగ్గర రెండు మూడు బండ్లకు మించి చేరకుండా రేడియోలో వంతులు వేసుకుంటారు. అక్కడి ధరలో పెద్ద భాగం ఈ వెసులుబాట్లకే పోతుంది. చిరుతపులిని దగ్గరగా చూడాలన్నదే ముఖ్యమైన కోరికైతే సాబీ సాండ్‌కు పెట్టే డబ్బు వృథా కాదు. వారం పది రోజులు తీరిగ్గా తిరగగలిగిన ఓపిక ఉన్నవాళ్ళకు క్రూగర్ లోపలి ప్రభుత్వ క్యాంపులు చాలా మంచివి, ఖర్చులో పోలికే లేదు. ప్రైవేటు రిజర్వుల్లో అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది: లాడ్జ్ బండ్లు ఎన్ని హెక్టార్లలో తిరగొచ్చు? సొంత నేల చిన్నదై, పక్కవాళ్ళ నేల మీదికి వెళ్ళే ఒప్పందం లేకపోతే సింహం సరిహద్దు దాటగానే బండి ఆగిపోతుంది.

కెన్యాలో మసాయి మారాదీ ఇదే కథ. రిజర్వులోకి విదేశీ పెద్దలకు ప్రవేశ రుసుము 2024 నుంచి జనవరి-జూన్ నెలల్లో రోజుకు 100 డాలర్లు, జులై-డిసెంబరులో 200 డాలర్లు. టికెట్ 12 గంటల పాటే చెల్లుతుంది. రిజర్వుకు ఉత్తరాన, తూర్పున మారా నార్త్, ఒలారే మొటొరోగి, నబోయిషో వంటి కన్సర్వెన్సీలున్నాయి. మసాయి కుటుంబాల భూములను క్యాంపులు కౌలుకు తీసుకుని నడుపుతాయి. ఆ క్యాంపుల్లో దిగినవాళ్ళకే అక్కడ ప్రవేశం కాబట్టి రద్దీ తక్కువ. నడక, రాత్రి డ్రైవు, రోడ్డు దిగి వెళ్ళడం అన్నీ కుదురుతాయి. అయితే విల్డెబీస్ట్ అనే పెద్ద జింకల మందలు మారా నది దాటే ప్రసిద్ధ రేవులు రిజర్వులోనే ఉన్నాయి. నది దాటడం చూడాలనే జులై-అక్టోబరు మధ్య వెళ్ళేవాళ్ళు కన్సర్వెన్సీలో దిగితే, రిజర్వు రుసుము వేరేగా కట్టి, రోజంతా బండిలో గడపాలి. వాళ్ళకు నది దగ్గరి క్యాంపే మేలు. మిగతా నెలల్లో నిస్సందేహంగా కన్సర్వెన్సీనే ఎంచుకోండి.

లాడ్జ్ నుంచి గేటు ఎంత దూరమో, గేటు ఎప్పుడు తెరుస్తారో కూడా డబ్బుతో ముడిపడ్డ విషయమే. నమీబియాలో సోసస్‌వ్లే ఇసుక దిబ్బలకు వెళ్ళే సెస్రియం గేటు సూర్యోదయానికి తెరుస్తారు. గేటు లోపల బస చేసినవాళ్ళు అంతకంటే ఒక గంట ముందే బయల్దేరవచ్చు. అక్కణ్ణుంచి దిబ్బలకు అరవై కిలోమీటర్ల పైన ప్రయాణం. బయట ఎంత గొప్ప లాడ్జ్‌లో దిగినా, తొలి వెలుగు ఎర్ర దిబ్బల మీద పడే వేళకు రోడ్డు మీదే ఉంటారు. ఫొటోల కోసం వెళ్ళేవాళ్ళు లోపలి సాదా బసనే తీసుకోవడం మంచిది.

టాంజానియాలోని న్గోరోంగోరో క్రేటర్ (పాత అగ్నిపర్వతపు పెద్ద గుంట) అడుగున ఎవరినీ ఉండనివ్వరు. లాడ్జ్‌లు 2,300 మీటర్ల ఎత్తున అంచు మీద ఉంటాయి, లేదా గేటు బయట కరాటు ఊరి చుట్టూ ఉంటాయి. అంచు మీద ఉంటే ఉదయం ముందుగా కిందికి దిగొచ్చు. కానీ రాత్రిళ్ళు గట్టి చలి, చాలా ఉదయాలు మబ్బు కమ్మేసి ఏమీ కనబడదు. కేవలం కిటికీలోంచి కనిపించే దృశ్యం కోసం అక్కడ అదనంగా చెల్లించడం నాకు సబబుగా అనిపించదు. తొందరగా దిగాలనుకుంటేనే అంచు, లేదంటే కరాటు.

గొరిల్లాల విషయంలో పొరపాటు జరిగితే దిద్దుకోవడం ఇంకా కష్టం. ఉగాండాలోని బ్విండి అడవికి బుహోమా, రుహిజా, రుషాగా, న్‌కురింగో అని నాలుగు వైపులున్నాయి. 800 డాలర్ల పర్మిట్ ఒక వైపుకే చెల్లుతుంది. లాడ్జ్ ముందు నచ్చి, పర్మిట్ తర్వాత దొరికిన వైపు తీసుకుంటే, తెల్లారకముందే కొండ దారుల్లో గంటల తరబడి ప్రయాణం చేయాల్సి వస్తుంది. అందుకే ముందు పర్మిట్, ఆ తర్వాత దాని పక్క లాడ్జ్. రువాండాలో పర్మిట్ 1,500 డాలర్లు. అక్కడ అందరూ ఉదయం ఏడింటికి కినిగిలోని పార్కు కార్యాలయం దగ్గరే చేరతారు కాబట్టి చుట్టుపక్కల ఎక్కడ దిగినా ఫర్వాలేదు. రెండు దేశాల్లోనూ ఒక బృందానికి ఎనిమిది మందే, గొరిల్లాల దగ్గర ఒక గంటే, పదిహేనేళ్ళు నిండాలి. ఖరీదైన లాడ్జ్‌లో దిగినంత మాత్రాన ఆ గంట పెరగదు.

భారత్‌లోని పులుల అడవుల్లోనూ క్రమం ఇదే. కన్హా, బాంధవ్‌గఢ్‌లలో కోర్ జోన్ (అడవి నడిమి భాగం) పర్మిట్లు అటవీశాఖ చేతిలో ఉంటాయి, పేరు, గుర్తింపు కార్డుతో ముందే తీసుకోవాలి. లాడ్జ్ గది ఖాయమైపోయి మంచి జోన్ పర్మిట్లు అయిపోతే ఎవరూ ఏమీ చేయలేరు. కోర్ జోన్లు జులై నుంచి సెప్టెంబరు దాకా మూసి ఉంటాయి, బుధవారం మధ్యాహ్నం సఫారీ ఉండదు.

ఇక కాలం. బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టా నిండేది అక్కడి వానలతో కాదు. అంగోలా ఎత్తుల్లో కురిసిన నీరు నెలల తరబడి మెల్లగా ప్రవహించి జూన్-ఆగస్టు మధ్య, డెల్టాలో ఒక్క చినుకు పడని రోజుల్లో పరుచుకుంటుంది. మొకోరో అనే సన్నటి పడవలో తిరగాలనుకుంటే ఆ నెలలే సరైనవి. ఏడాది పొడవునా పడవ తిప్పుతామని రాసే క్యాంపును, కిందటి ఏడాది అక్టోబరులో మీ రేవులో నీళ్ళున్నాయా అని నేరుగా అడగాలి. 2019లో వరద బాగా తగ్గి చాలా చోట్ల పడవలు కదల్లేదు. నీటి క్యాంపుల్లో పడవలు, పక్షులు, ప్రశాంతత ఉంటాయి. సింహాలు, అడవి కుక్కల వెంట బండిలో పోవాలంటే నేల ఎక్కువున్న క్యాంపు కావాలి. రెంటిలో చెరి మూడు రాత్రులు పెట్టుకుంటే డెల్టా అర్థమవుతుంది.

టాంజానియాలోని సెరెంగెటి పార్కులో విల్డెబీస్ట్ మందలు నిలకడగా ఉండవు. జనవరి చివరి నుంచి మార్చి దాకా దక్షిణాన న్డుటు వైపు ఈనుతాయి, మే-జూన్‌లలో పడమటి గ్రుమెటి వైపు నడుస్తాయి, జులై తర్వాత ఉత్తరాన కొగటెండే దగ్గర నది దాటుతాయి. పార్కు నడిమధ్యన ఉన్న శాశ్వత లాడ్జ్‌లో ఏ నెలలో దిగినా మందలు కనిపిస్తాయనుకోవడం సరికాదు. కాలాన్ని బట్టి చోటు మార్చే సంచార క్యాంపులు ఇందుకే పుట్టాయి. స్నానానికి బక్కెట్ షవర్‌తో సరిపెట్టుకోగలిగితే అవే మంచి ఎంపిక. జాంబియాలోని సౌత్ లువాంగ్వాలో నడక సఫారీ క్యాంపులు చాలావరకు వానాకాలంలో మూసేస్తారు, రెల్లు, గడ్డితో మళ్ళీ కట్టుకుంటారు.

బండి గురించి లాడ్జ్‌లు తమంతట తాము చెప్పవు, అడగాలి. తెరిచిన ల్యాండ్ క్రూయిజర్‌లో మూడు వరుసలు, వరుసకు మూడు సీట్లు. తొమ్మిది మందిని ఎక్కిస్తే నడిమి సీటువాళ్ళకు రెండు వైపులా తలలే కనిపిస్తాయి. మంచి లాడ్జ్‌లు ఆరుగురితో ఆపుతాయి. గేమ్ డ్రైవ్‌లో తోటివాళ్ళు పక్షులు వద్దంటే బండి పక్షుల దగ్గర ఆగదు. కెమెరాతో సీరియస్‌గా వెళ్ళేవాళ్ళు, చిన్నపిల్లలున్నవాళ్ళు పెద్ద గదికి పెట్టే డబ్బును ప్రైవేటు బండికి మళ్ళించడం ఎంతో లాభం. ఈ ఒక్క సలహా మాత్రం ఎవరికైనా చెబుతాను. ఇక గైడ్: కెన్యాలో కాంస్య, రజత, స్వర్ణ అని మూడు స్థాయిల పరీక్షలున్నాయి. జింబాబ్వేలో ప్రొఫెషనల్ గైడ్ లైసెన్సుకు ఏళ్ళ తరబడి శిక్షణ కావాలి, అందుకే అక్కడి మానా పూల్స్ పార్కులో ఏనుగుల మధ్య కాలినడకన తీసుకెళ్ళేవాళ్ళను ధైర్యంగా నమ్మొచ్చు. బుకింగ్‌లోనే గైడ్ అర్హత అడగండి. ఉన్నన్నాళ్ళూ ఒకే గైడ్ ఉంటాడా అనీ అడగండి.

ధరలు దాదాపు ఎప్పుడూ ఒక మనిషికి, ఒక రాత్రికి, ఇద్దరు గది పంచుకునే లెక్కన ఉంటాయి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళ మీద అదనపు మొత్తం పడుతుంది, కొన్నిచోట్ల రెట్టింపు దాకా. వానాకాలపు ధరల్లో దీన్ని మాఫీ చేసే క్యాంపులున్నాయి. అన్నీ కలిపి అని రాసినా పార్కు రుసుము, విమానం, ఖరీదైన మద్యం, టిప్పులు బయటే ఉండొచ్చు. గైడ్‌కు మనిషికి రోజుకు 10-20 డాలర్లు ఇవ్వడం మామూలు. రెండు లాడ్జ్‌లను పోల్చేటప్పుడు ఇవన్నీ కలిపాకే పోల్చాలి, లేకపోతే చవకైనది అనుకున్నదే ఎక్కువవుతుంది.

టెంటు అంటే పలచని గుడ్డ అని భయపడనక్కర్లేదు. మంచాలు, లోపలే బాత్రూమ్ ఉంటాయి. కానీ కరెంటు సౌర ఫలకాల నుంచి వస్తే హెయిర్ డ్రయర్ పనిచేయదు, అది వెయ్యి వాట్లకు పైగా లాగుతుంది. నిద్రలో ఊపిరి యంత్రం వాడేవాళ్ళు రాత్రంతా కరెంటు ఉంటుందని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. చాలా క్యాంపులకు కంచె ఉండదు, చీకటి పడ్డాక కాపలా మనిషి తోడు లేకుండా టెంటు దాటకూడదు. పిల్లలకు ఆరేళ్ళు, పన్నెండేళ్ళు అని వయసు పరిమితులు అందుకే. చిన్నపిల్లలతో వెళ్ళేవాళ్ళు దక్షిణాఫ్రికాలో మలేరియా లేని మడిక్వే, పిలానెస్‌బర్గ్ వంటి చోట్లు చూడాలి. జూన్-జులై ఉదయాల్లో దక్షిణాఫ్రికా, బోట్స్వానాల్లో తెరిచిన బండిలో గడ్డకట్టే చలి వేస్తుంది, ఉన్ని టోపీ, చేతి తొడుగులు తప్పనిసరి. నీలం, నలుపు బట్టలు కుట్టే త్సెత్సే ఈగలను పిలుస్తాయి. సైనికుల మచ్చల బట్టలు జింబాబ్వే, జాంబియాల్లో నిషేధం.

చిన్న విమానాలు పగటి వెలుతురులోనే ఎగురుతాయి. నైరోబీలో అవి ఎక్కువగా విల్సన్ విమానాశ్రయం నుంచి వెళ్తాయి, అంతర్జాతీయ విమానాలు దిగేది ఇంకోచోట. రెంటి మధ్య ట్రాఫిక్ భయంకరం. మధ్యాహ్నం దిగే విమానమైతే ఆ రాత్రి ఊళ్ళోనే బస రాసుకోవాలి. తూర్పు ఆఫ్రికాలో సామాను 15 కిలోలు, బోట్స్వానాలో 20 కిలోలు, చేతి సంచితో కలిపి. చక్రాలు లేని మెత్తటి సంచీ కావాలి, గట్టి సూట్‌కేసు విమానం పొట్టలో పట్టదు. ఎన్ని రాత్రులన్నదానికి ఒక చిన్న లెక్క: మధ్యాహ్నం చేరి, ఉదయం డ్రైవు ముగించి బయల్దేరితే రెండు రాత్రులకు నాలుగు డ్రైవులు, మూడింటికి ఆరు. రెండు రాత్రుల చొప్పున నాలుగు క్యాంపులు తిరగడం కన్నా నాలుగేసి రాత్రులు రెండింటిలో ఉండటం ఎప్పుడూ బాగుంటుంది.

నగరాల్లోని బొటిక్ హోటళ్ళలో (కొద్ది గదులతో, సొంత తీరుతో ఉండే చిన్న హోటళ్ళు) ఏ రెండు గదులూ ఒకలా ఉండవు, కాబట్టి అక్కడ గది నంబరు దాకా వెళ్ళాలి. మొరాకోలోని మరాకేష్ పాత నగరంలో రియాద్‌ల (ముంగిలి చుట్టూ కట్టిన పాత ఇళ్ళ) గదులు లోపలి ముంగిలి వైపే తెరుచుకుంటాయి. కింది అంతస్తులో చీకటి, భోజనాల సందడి. పై అంతస్తులో వెలుతురుంటుంది, మెట్లు మాత్రం నిటారు. కారు సందుల్లోకి రాదు, సామాను తోపుడు బండి మీద వస్తుంది, దారి చూపే మనిషిని హోటల్ నుంచే పంపమని చెప్పాలి. గ్రీసు దీవి శాంటొరినిలో కాల్డెరా (అగ్నిపర్వతం కుంగి ఏర్పడిన గుంట) అంచున ఉండే హోటళ్ళకు దారి మెట్లే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మెట్ల సంఖ్య అడగాలి, పై దారిలో నడిచేవాళ్ళకు హోటల్ కొలను కనిపిస్తుందా అనీ అడగాలి. పారిస్‌లో గది విస్తీర్ణం చదరపు మీటర్లలో చూడాలి, 12 మీటర్ల గదిలో రెండు పెద్ద సూట్‌కేసులు తెరవడానికి చోటుండదు. జపాన్‌లో క్యోటోలోని ర్యోకాన్‌లలో (సంప్రదాయ సత్రాల్లో) ధర సాధారణంగా మనిషికి, రాత్రి భోజనం, ఉదయం భోజనం కలిపి ఉంటుంది. చాలాచోట్ల సాయంత్రం ఆరింటిలోపు చేరాలి. భోజనం ఆ రోజు ఆ గదికోసం వండేది కాబట్టి, రైలు ఆలస్యమై రాత్రి ఎనిమిదికి వెళ్తే అది దక్కదు, డబ్బు వెనక్కి రాదు. ఊరు ఆలస్యంగా చేరే రోజున మామూలు హోటల్‌లో దిగి, ర్యోకాన్‌ను మర్నాటికి పెట్టుకోవాలి.