ఆరు వీడియో క్యాసెట్లు, కింది అంచున నాన్న

నాన్న పోయిన ఏడాదికి, ఆయన పెట్టెలో దొరికిన ఆరు వీహెచ్ఎస్ క్యాసెట్లను డిజిటల్ ఫైళ్లుగా మార్చి ఇచ్చే ఒక సంస్థకు అప్పగించాను. క్యాసెట్లు ఆడించే యంత్రాలైన వీసీఆర్‌లను చివరిదాకా తయారుచేసిన జపాన్ సంస్థ ఫునై కూడా 2016లో ఆపేసింది. మా ఇంట్లోది అంతకు చాలా ముందే మూలపడింది. కాబట్టి వేరే దారి లేదు.

మొదట వాళ్ల మంచి పని చెప్పాలి. రెండు క్యాసెట్లకు బూజు పట్టింది. అలాంటిదాన్ని అలాగే యంత్రంలో పెడితే బూజు లోపల అంటుకుని, తర్వాత పెట్టే క్యాసెట్‌ను కూడా పాడుచేస్తుంది. వాళ్లు ఆ తొందర పడలేదు. ఫోను చేసి నన్ను అడిగి, టేపు శుభ్రం చేసి, కొత్త డొప్పల్లోకి మార్చి ఆడించారు. మూడు వారాలు పట్టింది. పాత డొప్పల మీద నాన్న అంటించిన చీటీలను కూడా చిరగకుండా తీసి కొత్తవాటి మీద అంటించారు. అన్నిటి మీదా తేదీ, దాని కింద ఒకటే మాట: "ఓడాం. చూడాలి." గెలిచిన మ్యాచ్‌లు ఒక్కటీ మిగల్లేదు. టేపు దండగ అని వాటి మీదే మళ్లీ రికార్డు చేయించేవాడు.

పగలంతా లెక్కలు రాసే ఉద్యోగం, సాయంత్రం పిల్లలకు వాలీబాల్ నేర్పడం ఆయన దినచర్య. ఈ టేపులు 1998కి ముందువి, అంటే సర్వీసు చేసిన జట్టుకే పాయింటు వచ్చే రోజులవి. ఒక గేమ్‌లో స్కోరు ఏడు-ఏడు దగ్గర పదకొండు నిమిషాలు కదల్లేదు. ఇప్పటి పిల్లలకు విసుగు పుడుతుందేమో కానీ నాన్నకు అలాంటి ఆటే ప్రాణం. "ముందు సర్వీసు తెచ్చుకో, పాయింటు సంగతి తర్వాత" అనేవాడు. పరీక్ష తప్పి ఏడుస్తుంటే నాతోనూ అదే మాట అన్నాడు. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక ఫిర్యాదు. మొదట ఇచ్చిన పెన్‌డ్రైవ్‌లో బొమ్మ తేటగా ఉంది, రంగులు బాగున్నాయి, నాన్న మాత్రం లేడు. పాత బొమ్మ వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. ఇప్పటి వెడల్పు టీవీ నిండాలని పైనా కిందా కోసేశారు. ఎత్తులో నాలుగో వంతు పోయింది. పైన పోయింది ఉత్త ఆకాశమే. కింద పోయింది నాన్న. అమ్మ ఎప్పుడూ బెంచీ వెనక నిలబడి తీసేది కాబట్టి బొమ్మ అడుగున ఆయన తల వెనక భాగం, భుజాలు, మెడలో ఈల తాడు కనిపించాలి. పక్కల నల్ల పట్టీలు వద్దని చాలామంది అడుగుతారట. అడగకుండానే నా విషయంలోనూ అదే చేశారు. ముందే ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అయితే వాదించకుండా, అదనంగా ఏమీ తీసుకోకుండా, నాలుగు రోజుల్లో కోయని ఫైళ్లు ఇచ్చారు. అందుకే ఐదుకు నాలుగు నక్షత్రాలు. మీరు ఎవరికి ఇచ్చినా "అంచులు కోయవద్దు" అని కాగితం మీద రాసి ఇవ్వండి.

ఇంకో సంగతి. పాత టీవీలు బొమ్మ అంచులను చుట్టూ కాస్త మింగేసేవి. అందువల్ల కోయని ఫైలులో, మేము ఆ రోజుల్లో ఇంట్లో చూడనిది కూడా కొంత కనిపిస్తుంది. కింది అంచున వణికే సన్నటి గీతలకు కాస్త పైన, వీపు వెనక నాన్న చెయ్యి ఉంది. వేళ్లతో పక్కకు, పక్కకు అని సైగ చేస్తున్నాడు. ఏ ఆటగాడికా అని రెండు మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను, అర్థం కాలేదు. అమ్మకు చూపించాను.

"నన్ను కాదు, పిల్లల్ని తియ్యమని ఆయన గోల" అంది.

ఆరు క్యాసెట్లలోనూ ఆమె ఒక్కసారి కూడా పక్కకు జరగలేదు.