ఒక్కటే చెంబు, నాలుగు అంగళ్ళు: స్టాక్ సింక్ యాప్‌తో నా అనుభవం

ఈ యాప్ ఏం చేస్తుందో ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫొటోలు, ధర, వివరాలు ఒకచోట నింపితే అన్ని సైట్లలోనూ పెడుతుంది, ఒకచోట అమ్ముడైతే మిగతాచోట్ల తీసేస్తుంది. ప్లాన్లు, రేట్లు వాళ్ళ పేజీలోనే ఉంటాయి. నా బాధ ఒక్కటే, తిరిగొచ్చే సరుకుని ఇది లెక్కేసే తీరు. యాప్ పేరు కావాలనే రాయట్లేదు. వేరే యాప్‌లు వాడే తోటి అమ్మకందార్లూ ఇదే ఏడుపు ఏడుస్తున్నారు.

నావి రెండు రకాల సరుకులు. సరవకోట మండలం బుడితిలో చేయించే కొత్త ఇత్తడి సామాన్లు ఒకటి. విజయనగరం చుట్టుపక్కల పాత ఇళ్ళల్లోంచి, ఇత్తడి తూకానికి కొనే కొట్లలోంచి ఏరుకొచ్చేవి రెండోది: మరచెంబులు, కంచు గిన్నెలు, సోలలు, తవ్వలు, ఉగ్గుగిన్నెలు. కొత్త కుందులు పది ఉంటే పదీ ఒకటే. ఒకటి పోతే ఇంకోటి పంపుతాం. పాత చెంబు అలా కాదు, దాని మీద కొట్టించిన పేరుతో సహా అది లోకంలో ఒక్కటే. గొడవంతా ఇక్కడే.

మొదటి ఏడాది దీన్ని నెత్తిన పెట్టుకున్నాను. అంతకుముందు ఒక గిన్నె అమ్ముడైతే ఫోన్ పట్టుకుని మిగతా మూడుచోట్లా చేత్తో తీసెయ్యాల్సొచ్చేది. పెళ్ళి భోజనాల్లో విస్తరి ముందు కూర్చుని కూడా ఎడంచేత్తో అదే పని. ఆ బెడద తప్పింది. వానల్లో ఇంకా సుఖం. బుడితికి ఫోన్ చేస్తే, "మట్టి ఆరాల కదమ్మా, ఆరకుండా పోత పోత్తే ఏటవుతాది?" అంటారు. అచ్చు ఆరేదాకా మనం చేసేదేమీ లేదు. ఆ సామాన్లన్నిటికీ "తయారీకి పట్టే రోజులు" ఒక్కసారి మారిస్తే నాలుగు సైట్లలోనూ మారిపోతాయి. తర్వాత 2025 ఆగస్టు చివర్లో మన తపాలా శాఖ అమెరికా పార్సిళ్ళు ఆపేసినప్పుడు ఒక్క బటన్‌తో ఆ దేశం వరకు అమ్మకాలు ఆపాను. అక్టోబరు మధ్యలో బుకింగులు మొదలయ్యాక మళ్ళీ తెరిచాను. ఇవి నిజంగా బాగున్నాయి.

ఇక చెంబు సంగతి. మంచి బరువైన మరచెంబు. మూత మూడు చుట్లకి బిగిసేది, నీళ్ళు పోసి తలకిందులు చేసినా చుక్క కారేది కాదు. మెడ కింద చుక్కల అక్షరాలతో "సూరమ్మ" అని కొట్టించారు. చివర్లో ఉలి జారినట్టుంది, ఆఖరి చుక్క పక్కకి పోయింది. దేశీ సైట్‌లో లక్నో ఆయనెవరో క్యాష్ ఆన్ డెలివరీలో ఆర్డరు పెట్టి, తీరా గుమ్మంలోకి వచ్చాక వద్దన్నాడు. అది మామూలే. కొరియర్ వాళ్ళు "రిటర్న్ మొదలైంది" అని నొక్కారు.

ఆ నొక్కుడుకే యాప్ స్టాక్‌లో ఒకటి కలిపేసింది. వస్తువు నా చేతికి రావడంతో దానికి పనిలేదు. చెంబు లక్నో గోడౌన్‌లో ఉంటే నాలుగు అంగళ్ళలోనూ "ఒకటి ఉంది" అని కనబడుతోంది. ఆ రాత్రే న్యూజెర్సీలో ఉండే తెలుగావిడ ఒకరు విదేశీ సైట్‌లో కొనేశారు. "మా నాయనమ్మ పేరండీ, ఎన్నాళ్ళనుంచో వెతుకుతున్నా" అని రాశారు. ఆవిడకి ఇంకో చెంబు చూపించి సర్దిచెప్పే దారి కూడా లేకపోయింది.

పంపాల్సిన గడువు దగ్గరపడుతోంది. పార్సిల్ మాత్రం ఒక హబ్ నుంచి ఇంకో హబ్‌కి ఊరేగుతోంది. కొరియర్ ఆఫీసుకెళ్తే అక్కడి కుర్రాడు, "వైజాగ్ వచ్చీసిందండి మేడమ్, బండెక్కాలంతే" అని రోజూ అదే మాట. చివరికి వచ్చింది. నేను రెండు పొరలు బబుల్ చుట్టి, అట్టపెట్టెలో కదలకుండా పెట్టి పంపాను. వెనక్కొచ్చింది ఒట్టి పాలిథిన్ సంచిలో. మెడ దగ్గర బొటనవేలంత నొక్కు, మూత ఒక చుట్టు తిరిగి ఆగిపోతోంది. పాత్రలు బాగుచేసే ఆయన వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, "నొక్కు తీసెత్తానమ్మా, మర మాత్రం కుదరదు. పాతది, ఎక్కువ కదిపితే సిట్లిపోతాది" అన్నాడు.

ఆవిడకి ఫొటోలు పంపాను. మర్యాదగానే డబ్బులు వెనక్కి అడిగారు, ఇచ్చేశాను. ఆర్డరు రద్దయిన మచ్చ నా ఖాతాకి పడింది. ఇంతటితో అయిపోయిందా అంటే, లేదు. రద్దు కాగానే యాప్ మళ్ళీ స్టాక్‌లో ఒకటి కలిపింది. మర్నాడు పొద్దున్న చూస్తే నొక్కుపడ్డ సూరమ్మ చెంబు నాలుగు అంగళ్ళలోనూ అమ్మకానికి నిలబడి ఉంది, కింద "నొక్కులు లేవు, మర చక్కగా బిగుస్తుంది" అన్న వివరంతో సహా!

సహాయ విభాగానికి రాస్తే "డియర్ సర్" అని జవాబు. సిస్టమ్ సరిగ్గానే పనిచేస్తోందట, కావాలంటే బఫర్ స్టాక్ ఒకటి పెట్టుకోమన్నారు. బఫర్ అంటే ఉన్న లెక్కలోంచి అంత తగ్గించి చూపించడం. ఒకటిలోంచి ఒకటి తీస్తే సున్నా. సున్నా ఉన్న వస్తువు అమ్మకానికే రాదు. యాభై ఫోన్ కవర్లు అమ్మేవాడిని మనసులో పెట్టుకుని తయారుచేసిన యాప్ ఇది.

ఇప్పుడు నడిపిస్తున్న ఉపాయం చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. యాప్‌లో రెండో గోడౌన్ ఒకటి సృష్టించి "దారిలో" అని పేరు పెట్టాను. దాన్ని ఏ సైట్‌కీ కలపలేదు. తిరిగొచ్చేవి, రద్దయ్యేవి అన్నీ ఆ లెక్కలో పడేలా సెట్టింగ్ మార్చాను. వస్తువు చేతికొచ్చి, మూత తిప్పి చూసుకున్నాకే అసలు గోడౌన్‌లోకి మారుస్తున్నాను. పని అవుతోంది. కాకపోతే రెండో గోడౌన్ కావాలంటే పై ప్లాన్ కట్టాలి.

ఒక్కసారి నింపితే చాలు అన్నాను కదా, అది కొత్త సామాన్ల వరకే. ఎట్సీ అనే విదేశీ సైట్‌లో వింటేజ్ అని పెట్టాలంటే వస్తువు కనీసం 20 ఏళ్ళ నాటిదై ఉండాలి, ఎప్పటిదో కూడా చెప్పాలి. ఈ యాప్ ఆ గడిని పట్టించుకోకుండా పాతవాటికి కూడా "ఆర్డరు మీద తయారీ" అని నింపేస్తుంది. కాబట్టి పాతవి ఒక్కొక్కటీ తెరిచి దిద్దుకోవాల్సిందే. (మాటల్లో మాట. "నూటేభై ఏళ్ళనాటిదమ్మా" అని ధర పెంచే కొట్టాయనకి తెలీదు గానీ, ఆ మాట నిజమైతే అది విదేశానికి పంపే సరుకే కాదు. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన ఇలాంటి వస్తువుల్ని మనలాంటివాళ్ళు ఎగుమతి చెయ్యకూడదు.)

మరి ఎందుకు వదల్లేదంటే, పన్ను లెక్క. దేశీ సైట్లు మనకిచ్చే డబ్బులోంచి జీఎస్టీ కింద ముందే పట్టుకునే టీసీఎస్ అనే కోతని నెలనెలా సైట్ వారీగా తీసిస్తుంది. 2024 జులై 10న అది 1 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గినప్పుడు, ఆ నెలకి రెండు రేట్లూ విడివిడిగా చూపించింది. ఆడిటర్ దగ్గర నేను తలదించుకోకుండా నిలబడ్డ నెల అది.

నా అమ్మకాల్లో బుడితి సామాన్లే ఎక్కువ కాబట్టి నాకు గిట్టుబాటే. అచ్చంగా పాత సామాన్లే అమ్మేవాళ్ళు, అందులోనూ క్యాష్ ఆన్ డెలివరీ పెట్టినవాళ్ళు, "దారిలో" గోడౌన్ లేకుండా దీని జోలికి వెళ్ళకండి. ఒకటి రెండు సైట్లలోనే అమ్మేవాళ్ళకి అసలు అక్కర్లేదు. నా ఏడాది చందా మార్చితో అయిపోతుంది. ఈసారి నెలవారీ కడతాను.