సీకాయ, రూపాయి ప్యాకెట్, మందు షాంపూ: ఊడే జుట్టుకు ఏది మేలు?

తిరుమల కల్యాణకట్టలో నా తల తడిపి కత్తి పెట్టబోతూ గుండు గీసే ఆయన ఒక్క క్షణం ఆగాడు. "చుండ్రు గట్టిగా పట్టింది సామీ, చెవుల ఎనక చూడు, పొలుసులు లేస్తా ఉండాయి" అన్నాడు. నేనేమో గుండు కొట్టిస్తే జుట్టు ఒత్తుగా వస్తుందని, మొక్కు పేరు చెప్పుకుని కొండెక్కినవాణ్ని. అప్పటికి రెండు నెలలుగా దువ్వితే దువ్వెన నిండా, పడుకుంటే దిండు నిండా జుట్టే. చుండ్రు సంగతి నాకు పట్టనే లేదు.

ఇంట్లో సలహాలకు కొదవ లేదు. అవ్వ సీకాయ పోసుకోమంది. నా భార్య సల్ఫేట్ (జిడ్డు కడిగి నురుగు తెప్పించే రసాయనం) లేని షాంపూ అని ఆరొందల సీసా తెప్పించింది. తమ్ముడు "రూపాయి ప్యాకెట్ చాలదా?" అన్నాడు. మెడికల్ షాపులో అయితే కీటోకోనజోల్ అనే ఫంగస్ మందు కలిపిన షాంపూ చేతిలో పెట్టారు. ఆరు నెలల్లో అన్నీ వాడి చూశాను, దాంతోపాటు కాస్త చదివాను కూడా.

అంతకు ముందు నేను వాడింది ఇవేవీ కావు. ఒంటికి రుద్దుకునే సబ్బే తలకూ. మగవాళ్లలో చాలామందిది ఇదే పద్ధతి, ఒప్పుకోరు అంతే. ఈ పోటీలో అన్నిటికన్నా కిందిది అదే. తల మీది చర్మం కొంచెం పులుపు గుణంతో ఉంటుంది, పీహెచ్ అనే కొలతలో 5.5 దగ్గర. ఈ అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గి క్షారం పెరిగినట్టు. సబ్బుది 9, 10 దాకా పోతుంది. దానికి తోడు మా ఇంటికి వచ్చేది బోరు నీళ్లు, బకెట్ లోపల తెల్లటి చార కడుతుంది. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిస్తే తెట్టులాగా తయారై వెంట్రుకకు అంటుకుంటుంది. ఎంత కడిగినా జుట్టు బిరుసుగా ఉండేది అందుకే. షాంపూకు ఈ తంటా ఉండదు. అంటే రూపాయి ప్యాకెట్ కూడా నా సబ్బు కన్నా మేలే.

ఇక సీకాయ. అవ్వ ఎండాకాలంలో మిద్దె మీద సీకాయలు, పెసలు, మెంతులు, మందారాకు ఎండబెట్టి మర పట్టిస్తుంది. ఇంటికి తెచ్చి మూత తీస్తే ఇల్లంతా తుమ్ములే. సీకాయలోనూ కుంకుడుకాయలోనూ సపోనిన్లు ఉంటాయి, నురుగు వచ్చేది వాటివల్లే. రెండిటి రసమూ కొంచెం పులుపు వైపే కాబట్టి తల చర్మంతో పేచీ లేదు. నూనె పెట్టిన తలకు సీకాయ బాగా నప్పుతుంది. కుంకుడు ఇంకా గట్టిగా జిడ్డు లాగేస్తుంది, కళ్లల్లో పడితే మాత్రం పగవాడికి కూడా వద్దు. నా పొట్టి జుట్టుకు సీకాయతో ఇబ్బంది రాలేదు. నా భార్య పొడుగు జుట్టులో మాత్రం ఎన్ని చెంబులు గుమ్మరించినా పొడి మిగిలిపోయేది. మర్నాడు దువ్వితే భుజాల మీద రాలేది, అది చుండ్రా సీకాయా అని మాకే అనుమానం. రోజూ హెల్మెట్ పెట్టుకుని తిరిగేవాడికి వారానికి మూడుసార్లు ఇది పోసుకునే తీరికా ఉండదు. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఇది చుండ్రుకు మందు కాదు.

సల్ఫేట్ ఉందా లేదా అనే గొడవ నాకు కాస్త అతిగా తోచింది. సల్ఫేట్ షాంపూ జిడ్డును గట్టిగా కడుగుతుంది, ఆ కడగడంలో వెంట్రుక ఎండినట్టవుతుంది. రంగు వేసినా, స్ట్రెయిటెనింగ్ చేయించినా, పుట్టుకతోనే పొడిజుట్టు అయినా సల్ఫేట్ లేనిది కొనుక్కోవడం న్యాయమే. కానీ వెంట్రుక కుదురు చర్మం కింద మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. రెండు నిమిషాలు ఉండి కాలవలో పోయే నురుగు దాన్ని పెరికేయదు, పెంచనూ పెంచదు. "హెయిర్ ఫాల్ తగ్గిస్తుంది" అని రాసిన సీసాల్లో చాలావాటిని వెనక్కి తిప్పి చూడండి. చుక్క గుర్తు పెట్టి, చీమ తలంత అక్షరాల్లో, తెగడం వల్ల రాలే జుట్టు గురించి మాత్రమే అని ఉంటుంది.

తెగడానికీ ఊడటానికీ తేడా ఇంట్లోనే చూసుకోవచ్చు. రాలిన వెంట్రుకను నల్లగుడ్డ మీద పెట్టి ఫోన్ లైటు వేశాను. ఒక కొసన సూదిమొనంత తెల్లటి బుడిపె కనిపించింది. బుడిపె ఉంటే కుదురు నుంచి ఊడినట్టు, లేకపోతే నడుమ తెగినట్టు. తెగే జుట్టుకు షాంపూ మార్చితే, కండిషనర్ పెడితే ఫలితం ఉంటుంది. నావి పదింటికి తొమ్మిది బుడిపెలతోనే ఉన్నాయి. రోజుకు 50 నుంచి 100 దాకా ఊడటం అందరికీ మామూలే, నాది ఆ లెక్క దాటిపోయింది.

చుండ్రు విషయంలో మాత్రం షాంపూ ఎంపిక నిజంగా ముఖ్యం. మలసీజియా అనే ఫంగస్ అందరి తలమీదా ఉంటుంది. తలలో ఊరే జిడ్డు తిని బతుకుతూ కొన్ని ఆమ్లాలు వదులుతుంది. అవి సరిపడనివాళ్లకు దురద, పొలుసులు. చుండ్రు ఉందని రాత్రికి నూనె దట్టంగా పెట్టి పడుకోవడమంటే ఆ ఫంగస్‌కు విందు పెట్టడమే. నేను చేసింది సరిగ్గా అదే. దురదకు గోళ్లతో గీకితే తల వాచి, ఊడటం ఇంకాస్త ఎక్కువవుతుంది. ఇక్కడ సీకాయా, ఆరొందల సీసా రెండూ ఓడిపోయాయి. 2 శాతం కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు వాడాను. ఇందులో కిటుకల్లా, రుద్దగానే కడిగేయకుండా మూడు నుంచి ఐదు నిమిషాలు తలమీద ఉంచడం. వెంట్రుకలకు కాదు, చర్మానికి పట్టించాలి. మూడో వారానికి దురద పోయింది. ఆ తర్వాత వారానికో రెండు వారాలకో ఒకసారి చాలు. మిగతా రోజుల్లో తమ్ముడి ప్యాకెట్టే.

మరి జుట్టు ఊడటం ఎందుకు మొదలైంది? అక్టోబరులో నాకు డెంగీ వచ్చింది, జనవరిలో జుట్టు రాలింది. పెద్ద జ్వరం గానీ కాన్పు గానీ అయితే, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా ఒక్కసారిగా విశ్రాంతి దశలోకి పోతాయి. రెండు మూడు నెలల తర్వాత కట్టగట్టుకుని రాలతాయి. ఇంకో కారణం లేకపోతే ఆరు నెలల్లోపు దానంతట అదే సర్దుకుంటుంది. ఆ సర్దుకునే రోజుల్లో ఏ షాంపూ వాడుతుంటే దానికే పేరు వస్తుంది. కాకి వాలడం, తాటిపండు పడటం.

గుండు కథా ఇంతే. కత్తి తగిలేది చర్మం పైన, కుదురు కింద. కొత్త వెంట్రుక మొన మొద్దుగా ఉండటంతో చేతికి ఒత్తుగా తగులుతుంది. ఊడటం ఆగినట్టూ అనిపిస్తుంది, ఎందుకంటే రాలేది గింజంత ముక్క, కంటికి ఆనదు.

నుదురు రెండు పక్కలా వెనక్కి పోతుంటే, నడినెత్తి పలచబడుతుంటే అది వంశపారంపర్యం. దానికి షాంపూ ఏదైనా ఒకటే, మినాక్సిడిల్ లాంటి మందు డాక్టర్‌ను అడిగి వాడాల్సిందే. రూపాయి బిళ్లంత నున్నగా ఊడితే పేనుకొరుకుడు. పేనుకూ దానికీ సంబంధం లేదు, మన రోగనిరోధక శక్తే కుదుళ్ల మీద పడటం. అక్కడ ఉల్లిపాయ రుద్దుతూ కూర్చోకుండా తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీకి పోవడం మేలు. ఆడవాళ్లకు నెలల తరబడి ఊడుతుంటే రక్తంలో ఇనుము, థైరాయిడ్ చూపించుకోవాలి.

మార్చిలో గుండు, ఇప్పుడు జూలై. నెలకు సెంటీమీటరు లెక్కన జుట్టు వేళ్లకు అందుతోంది. మొన్న అవ్వ నా తల తడిమి చూసి, "జెప్పలా? సీకాయ మహిమరా అబ్బోడా" అంది. ఈ నాలుగు నెలల్లో నేను సీకాయ పోసుకుంది రెండేసార్లు. తల ఇంకాస్త ముందుకు వంచాను, ఏమీ అనలేదు.