కింగైట్ దాకా వెళ్ళాలా, టొరంటోలోనే చూసేయాలా?

కెనడా ఆర్కిటిక్‌లోని కింగైట్ ఊరి ఇన్యుయిట్ (అక్కడి ఆదివాసీ) కళాకారుడు కనన్గినాక్ పూటూగూక్ ప్రింట్లు, అంటే చేత్తో అచ్చు తీసిన బొమ్మలు, చూడాలనుంటే ముందు టొరంటో పక్కనే క్లైన్‌బర్గ్‌లో ఉన్న మెక్‌మైకేల్ గ్యాలరీకి వెళ్ళండి. కింగైట్ కళాకారుల డ్రాయింగులు దాదాపు లక్ష అక్కడే భద్రపరిచారు. కాకపోతే ఒక్కసారికి గోడల మీదికి వచ్చేవి కొన్నే, అందుకే ఏ ప్రదర్శన నడుస్తోందో కనుక్కుని బయల్దేరాలి. కారు లేకపోతే కష్టం. విన్నిపెగ్‌లో 2021లో తెరిచిన ఇన్యుయిట్ కళల మ్యూజియం కౌమాజుక్ కూడా చూడదగ్గదే. మూడంతస్తుల గాజు గదిలో వేల శిల్పాలు పేర్చారు. శిల్పాల పిచ్చి ఉన్నవాళ్ళకు అది పండగ. నాకు మాత్రం ప్రింట్ల దగ్గరే కాళ్ళు ఆగాయి.

కనన్గినాక్ 1935లో బాఫిన్ ద్వీపం దక్షిణ తీరంలోని వేట శిబిరంలో పుట్టారు. 1950ల చివర్లో కేప్ డోర్సెట్‌లో (ఇప్పటి కింగైట్) అచ్చుపని మొదలైనప్పుడు తొలి బృందంలో ఆయనా ఉన్నారు. అదే ఊరి కళాకారిణి కెనోజువాక్ అషెవాక్ గీసిన గుడ్లగూబకు ఈకలు కిరణాల్లా విచ్చుకుంటాయి, అది కలలోకి వచ్చే పక్షి. ఈయన గుడ్లగూబ మాత్రం వేటగాడి కంటికి నిజంగా కనబడ్డదే. మస్క్ ఆక్స్ (ఆర్కిటిక్ జడల ఎద్దు) బొచ్చు ఎటు వాలుతుందో, కారిబూ (అక్కడి అడవి రెయిన్‌డీర్) మెడ ఎలా తిప్పుతుందో తెలిసిన చెయ్యి అది. జంతువులతో ఆగలేదు. 1992 నాటి ‘ది ఫస్ట్ టూరిస్ట్’ ప్రింట్‌లో బయటినుంచి వచ్చిన ఒకాయన ఇన్యుయిట్ మహిళను ఫొటో తీస్తుంటాడు. అది చూశాక కింగైట్‌లో ఫోన్ జేబులోంచి తీయడానికి కాస్త సిగ్గేసింది.

కింగైట్‌కు రోడ్డు లేదు. ఒట్టావా నుంచి బాఫిన్ ద్వీపంలోనే ఉన్న ఇకాలుయిట్ పట్టణానికి, అక్కడి నుంచి చిన్న విమానం. పొగమంచు పడితే విమానం రాదు, ఎవరినీ అనేదేం లేదు. ఇకాలుయిట్‌లో అదనంగా ఒక రాత్రికి డబ్బు పక్కన పెట్టుకోండి. బస విషయంలోనే నాకు ఒళ్ళు మండింది. అద్దె గదికి కాదు, మనిషికి. పైగా అపరిచితుడితో గది పంచుకోవాల్సి వస్తుందని చేరాకే చెప్పారు. వేడి, శుభ్రత మాత్రం బాగున్నాయి. సరుకులన్నీ విమానంలోనో, వేసవి ఓడలోనో రావాలి కాబట్టి కూరగాయల ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. శాకాహారులు పొడులు, రెడీమేడ్ ఉప్మా ప్యాకెట్లు సర్దుకోవడం మంచిది.

ఇంత ఖర్చూ ఊళ్ళోని కెనోజువాక్ కల్చరల్ సెంటర్‌లో ఉన్న ప్రింట్ షాపు (అచ్చు తీసే పనిశాల) దగ్గర గిట్టుబాటయింది. బొమ్మను రాతి పలక మీదికి దించి, బొమ్మ కాని భాగాన్ని చెక్కేస్తారు. రంగు పూసి, పల్చటి జపాన్ కాగితం పరిచి, వెనకనుంచి చేత్తో రుద్దుతారు. కాగితం మెల్లగా ఎత్తినప్పుడు ఈక అంచు తడిగా మెరిసింది. సాధారణంగా యాభై ప్రతులు తీస్తారు, ఆ తర్వాత అదే రాయి మీద మళ్ళీ అచ్చు వేయరు. ముందే ఫోన్ చేసి వెళ్ళండి, పని లేని రోజు చూసేదేం ఉండదు.

పాత శిబిరాల ఆనవాళ్ళున్న మల్లిక్‌జువాక్ పార్కుకు గైడ్ లేకుండా వెళ్ళొద్దు, ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతాయి.

కొత్త ప్రింట్ల సంకలనం ఏటా అక్టోబరులో వస్తుంది, దక్షిణాది నగరాల గ్యాలరీల్లోనూ దొరుకుతుంది. కొనడానికే అయితే అంత దూరం పోనక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాళ్ళు వాల్రస్ దంతం వస్తువుల జోలికి పోకండి, కస్టమ్స్‌లో టెన్షన్. కాగితం మీది వాల్రస్‌కైతే ఆ బాధ లేదు.