ఎంఎస్‌తో నడక: కొన్నేళ్లుగా ఏఎఫ్‌ఓ వాడుతున్న అనుభవంతో

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) ఉంది. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల మీదుండే మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. నాకు ఆ దెబ్బ ఎక్కువగా కుడికాలి మీద పడింది. అడుగు వేయబోతే పాదం పైకి లేవదు, బొటనవేలు నేలకు తట్టుకుని తూలిపోతాను. డాక్టర్లు ఫుట్ డ్రాప్ అంటారు. దానికోసం వాడుతున్నదే ఏఎఫ్‌ఓ (యాంకిల్ ఫుట్ ఆర్థోసిస్): పిక్క వెనక నుంచి అరికాలి కిందిదాకా వచ్చి, పాదం వాలిపోకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ.

నన్నడిగితే రెడీమేడ్ వద్దు. కాలికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిచ్చేది తీసుకోండి. ట్రయల్‌కిచ్చిన రెడీమేడ్ నా చీలమండ ఎముక దగ్గర ఒరుసుకుని కందిపోయింది. ఎంఎస్ ఉన్న మనకు స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి పుండు పడేదాకా తెలియకపోవచ్చు. పొడవాటి కాటన్ సాక్సు వేసుకోండి. విప్పిన ప్రతిసారీ కాలు చూసుకోండి. ఎరుపు అరగంటకీ తగ్గకపోతే పట్టీ చేసిచ్చే ఆర్థోటిస్టుకు చూపించాల్సిందే.

అసలు ఇబ్బంది మన ఇళ్లలో. ఏఎఫ్‌ఓకి షూ తప్పనిసరి, అదీ ఒక సైజు పెద్దది. వట్టి పట్టీతో టైల్స్ మీద నడిస్తే సర్రున జారుతుంది. అందుకే ఇంట్లోకని విడిగా ఒక జత పెట్టుకున్నాను. "దేవుడి గదిలోకి మాత్రం వద్దమ్మా" అంది అత్తయ్య, అక్కడికి వాకర్ పట్టుకుని వెళ్తాను. గుళ్లో అయితే ఎవరిదో ఒకరి చెయ్యి కావాలి. చుడీదార్ దీని మీద ఎక్కదు, పలాజో హాయి.

హైదరాబాద్ ఎండాకాలం ఇంకో పరీక్ష. ఒళ్లు వేడెక్కితే మైలిన్ పోయిన నరాల్లో సంకేతాలు ఇంకా మందగిస్తాయి. దీన్ని ఉథాఫ్ ఫినామినన్ అంటారు. ఒళ్లు చల్లబడితే సర్దుకుంటుంది, ఎంఎస్ కొత్త అటాక్ అని టెన్షన్ పడక్కర్లేదు. అసలే ప్లాస్టిక్, గాలి ఆడదు. ఏప్రిల్, మే నెలల్లో ఫిజియో తెల్లవారకముందే చేస్తాను, మెడకు తడి తువ్వాలు చుట్టుకుని.

పట్టీ ఉంది కదా అని ఫిజియో మానకండి. అది పాదాన్ని పట్టుకుంటుందే కానీ కండకు బలం ఇవ్వదు. గోడకు చేతులానించి పిక్క సాగదీయడం, కమ్మీ పట్టుకుని బ్యాలెన్స్ ప్రాక్టీస్, ఇవి నాకు రోజూ ఉంటాయి. "అలిసిపోయాక కాదు, అలిసిపోకముందే ఆపండి" అంటారు మా ఫిజియోథెరపిస్టు. ఎంఎస్ ఉన్నవాళ్లకు ఇంతకన్నా పనికొచ్చే సలహా నేను వినలేదు.

తేడా మాత్రం స్పష్టంగా ఉంది. కాలు తట్టుకోకుండా తుంటి ఎగరేసి నడిచే అవస్థ తప్పింది, సాయంత్రానికి వంట చేసే ఓపిక మిగులుతోంది. రైతు బజారుకు ఒక్కదాన్నే వెళ్లొస్తున్నాను.

కండరాలు బాగా బిగుసుకుపోయే వాళ్లకు మామూలు పలుచటి పట్టీ ఆగకపోవచ్చు, న్యూరాలజిస్టును అడిగాకే చేయించుకోండి. కుడికాలికైతే దీంతో కారు నడపొద్దు. పట్టీని కాలికి బిగించే వెల్క్రో త్వరగా పట్టు వదిలేస్తుంది, చేయించేటప్పుడే అదనంగా ఒక సెట్టు అడిగి తీసుకోండి.